పారేసిన బీరు సీసాల్లో ఇంటి బీరు నింపొచ్చా? గుట్టలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ట్రాయ్_కొత్తోడు

అందరికీ నమస్తే. మిషిగన్‌లో ఉంటాను, హోమ్‌బ్రూయింగ్‌కి పూర్తిగా కొత్త. మొదటి బ్యాచ్ ఐదు గ్యాలన్ల అంబర్ ఏల్ రకం బీరు, బేస్‌మెంట్‌లో బకెట్‌లో పులుస్తోంది, వచ్చే ఆదివారం సీసాల్లోకి దించుదామని ప్లాన్. సమస్యల్లా సీసాలే. షాపులో కొత్త ఖాళీ సీసా ఒక్కోటి దాదాపు డాలర్ పడుతోంది, ఇంకాస్త వేస్తే లోపల బీరుతో సహా వస్తుంది కదా అనిపించి, పక్కింటాయన్ని, తెలిసినవాళ్ల రెస్టారెంట్‌ని అడిగి వాడేసినవి పోగేశాను. రెస్టారెంట్ వాళ్లు మొదట డిపాజిట్ (ఖాళీ సీసా వాపసిస్తే తిరిగొచ్చే డబ్బు) పోతుందని నసిగారు, సీసాకి 10 సెంట్లు లెక్కగట్టి చేతిలో పెడితే అట్టపెట్టెలతో సహా ఇచ్చేశారు.

ఇప్పుడు గరాజ్‌లో పెద్ద గుట్ట ఉంది. పొడుగు మెడ గోధుమరంగువి ఎక్కువ, పచ్చవి కొన్ని, తెల్లవి కొన్ని, మూత తిప్పితే వచ్చేసేవి బోలెడు, మూతి మీద పింగాణీ బిరడా, తీగ బిగింపు ఉన్నవి నాలుగైదు, రెండు షాంపేన్ సీసాలు, ఒక గ్రౌలర్ (బార్‌లో బీరు పోయించుకుని తెచ్చుకునే పెద్ద సీసా). కొన్నింటి అడుగున బూజు ఎండిపోయి ఉంది, కొన్నింట్లో సిగరెట్ పీకలు. మా ఆవిడ చూసి వీటిని వంటగది సింకు దగ్గరికి కూడా రానివ్వనంది, ఆమె తప్పేం లేదు.

ఇందులో ఏవి పనికొస్తాయి? బూజు పట్టినవి ఎంత కడిగినా నమ్మొచ్చా? ఇంకో సంగతి, సీసాలు పేలిపోయే వీడియోలు చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది, ఇంట్లో చిన్న పిల్లాడున్నాడు. పాత సీసాలైతే పేలే ప్రమాదం ఎక్కువా?

హాప్స్_బాబాయ్

తమ్ముడూ, వెల్‌కమ్. ఒరెగాన్ నుంచి రాస్తున్నా, సీసాల డిపాజిట్ చట్టం అమెరికాలో అందరికంటే ముందు 1971లో తెచ్చింది మా రాష్ట్రమే, కాబట్టి ఖాళీ సీసాల విషయంలో మాకు కాస్త పొగరు ఎక్కువ.

గుట్టని రంగుబట్టి కాదు, మూతిబట్టి విడదియ్యి. మూతి చుట్టూ వేలు తిప్పి చూడు, మరల్లాగా గీతలు తగిలితే అది తిప్పి తీసే రకం, ఆలోచించకుండా తీసుకెళ్లి డిపాజిట్ మెషీన్లో వేసెయ్. బడ్, మిల్లర్, కూర్స్ మామూలుగా ఈ రకమే. వీటి మూతి దగ్గర గాజు పల్చగా ఉంటుంది, ఫ్యాక్టరీ మెషీన్ బిగించినంత ఒత్తుగా మన చేతి క్యాపర్ (మూత బిగించే పనిముట్టు) బిగించలేదు, గ్యాస్ మెల్లగా కారిపోతుంది, గట్టిగా నొక్కితే మూతే చిట్లుతుంది. నాకు బాగానే పనిచేశాయి అని చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్ల అదృష్టం వాళ్లది. మూతి నున్నగా ఉండి ఓపెనర్ పెడితేగానీ రానివి మనకు కావాలి. శామ్ ఆడమ్స్, సియెరా నెవాడా, హైనెకెన్, కరోనా ఈ కోవలోకి వస్తాయి. సియెరా నెవాడా వాళ్లయితే తమ పేల్ ఏల్‌ని సీసాలోనే మళ్లీ పులియబెట్టి గ్యాస్ పట్టిస్తారు, మనం కాస్త చక్కెర వేసి చేయబోయేదీ అదే పని, కాబట్టి ఆ సీసాకి ఈ ఉద్యోగం అలవాటే. కాకపోతే దాని మెడ పొట్టి, రెక్కల క్యాపర్ అంచులు కొన్ని పొట్టి మెడల్ని సరిగా పట్టుకోవు, ఒక ఖాళీ సీసా మీద మూత బిగించి చూసుకుని అప్పుడు నిర్ణయించు. స్టాండు మీద నిలబెట్టి నొక్కే క్యాపర్ ఉంటే ఈ గొడవ లేదు.

రంగు సంగతి. వెలుతురు తగిలితే హాప్స్ (బీరులో వేసే పూలు) నుంచి వచ్చిన చేదు పదార్థాలు విరిగి ఒక రకం గంధకపు వాసన పుడుతుంది, అది స్కంక్ అనే జంతువు వదిలే కంపుకి దగ్గరి చుట్టం. ఎండలో కొద్ది నిమిషాలు చాలు. గోధుమరంగు గాజు దీన్ని చాలావరకు ఆపుతుంది, పచ్చది పెద్దగా ఆపదు, తెల్లది అసలు ఆపదు. అలాగని పారేయక్కర్లేదు, అట్టపెట్టెలో మూసి చీకటిగదిలో పెట్టేవాడివైతే పచ్చవీ, తెల్లవీ వాడుకో, వాటిని ముందు తాగెయ్.

గ్రౌలర్‌ని పక్కన పెట్టు. అందులోకి గ్యాస్ పట్టిన బీరు పోసి రెండ్రోజుల్లో తాగడానికే అది, లోపల చక్కెర వేసి పులియబెడితే ఆ ఒత్తిడికి ఆగదు. వైన్ సీసాలూ, పచ్చడి జాడీల్లాంటి మేసన్ జార్లూ కూడా అంతే. షాంపేన్ సీసాలు మాత్రం బంగారం, మన బీరుకి కావలసినదానికి రెట్టింపు ఒత్తిడి అయినా తట్టుకుంటాయి. అమెరికా షాంపేన్ సీసాకి మామూలు 26 మిల్లీమీటర్ల క్రౌన్ మూతే సరిపోతుంది, యూరప్ నుంచి వచ్చినదానికి 29 కావాలి.

కడగడం గురించి. సిగరెట్ పీక ఉన్న సీసాని నేను ముట్టుకోను. శుభ్రం చేయలేమని కాదు, 10 సెంట్ల కోసం ఆ వాసన నా బీరులో ఉందేమోనన్న అనుమానం ప్రతి గుక్కకీ మోయడం ఎందుకు? బూజు పట్టినవి మాత్రం పనికొస్తాయి. పెద్ద టబ్బులో వేడినీళ్లు, అందులో వాసన లేని ఆక్సిక్లీన్ లేదా పీబీడబ్ల్యూ పొడి, సీసాలు పూర్తిగా మునిగేలా రాత్రంతా వదిలెయ్. పొద్దున్నకి లేబుళ్లు వాటంతటవే ఊడి తేలుతుంటాయి, మిగిలిన జిగురు పీచుతో రుద్దితే పోతుంది. తర్వాత సీసా బ్రష్ ఒక తిప్పు తిప్పి, కడిగి, బల్బుకి ఎదురుగా పెట్టి అడుగు చూడు. చుక్కంత మరక మిగిలినా మళ్లీ నానబెట్టు, రెండోసారీ పోకపోతే వదిలెయ్. మూతి మీద గోరు తిప్పి పెచ్చులూడిందేమో కూడా అప్పుడే చూసుకో. మీ నీళ్లు ఉప్పు నీళ్లయితే గాజు మీద తెల్లటి పొర కడుతుంది, కాస్త వెనిగర్ నీళ్లతో తొలిపితే పోతుంది. రంగులతో గాజు మీదే అచ్చు వేసిన లేబుల్ ఉంటే దాంతో కుస్తీ పట్టకు, ఉంటే ఉండనీ.

శుభ్రం చేయడం, శానిటైజ్ చేయడం (క్రిముల్ని చంపడం) రెండూ వేరు, కొత్తవాళ్లు ఇక్కడే కలిపేస్తారు. మురికి ఉన్న చోట శానిటైజర్ పనిచేయదు. ముందు పైన చెప్పినట్టు కడుగు, నింపే రోజు స్టార్ శాన్ లాంటిది 5 గ్యాలన్ల నీళ్లకి ఒక ఔన్స్ కలిపి సీసా లోపలంతా తడిసేలా ఒకట్రెండు నిమిషాలు ఉంచి వంచెయ్. నురగ మిగిలితే భయపడకు, మళ్లీ నీళ్లతో కడగకు. బ్లీచ్ వాడమని ఎవరైనా చెబితే వినకు, సరిగా పోకపోతే బీరుకి మందుల షాపు వాసన వస్తుంది. పైగా బ్లీచ్‌నీ, యాసిడ్ శానిటైజర్‌నీ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది నిజంగా ప్రమాదం.

ఈ చాకిరీ అంతా మొదటిసారికే. ఆ తర్వాత గ్లాసులోకి వంపిన వెంటనే వేడినీళ్లతో మూడుసార్లు కలిపి పారబోసి తలకిందులుగా ఆరబెడితే చాలు, వచ్చే బ్యాచ్‌కి శానిటైజ్ ఒక్కటే మిగులుతుంది. ఫ్రెండ్స్‌కి సీసాలు ఇచ్చేటప్పుడు ఈ షరతు పెట్టు. కడగకుండా తెచ్చినవాడికి మళ్లీ బీరు లేదని నేను మొహం మీదే చెప్పేస్తాను.

డల్లాస్_కెగ్గు

బాబాయ్ చెప్పిందంతా సరే, నాకు సీసాలంటేనే చిరాకు, అందుకే కెగ్‌లోకి (బీరు నింపే పెద్ద స్టీలు డబ్బా) మారిపోయాను. ఒక్క కెగ్ కడిగితే పనైపోతుంది. కానీ కెగ్గు, గ్యాస్ సిలిండరు, దానికో ఫ్రిజ్‌ అంటే ఖర్చు, మొదటి బ్యాచ్‌కే ఆ పనిలో దిగమని చెప్పను.

పేలడం గురించి అడిగారు కదా, దానికి మాత్రం గట్టిగా చెప్పాలి. సీసా పాతదవడం వల్ల పేలేది తక్కువ. పులియడం పూర్తికాకముందే మూత బిగించడం వల్లా, చక్కెర ఎక్కువ పడటం వల్లా, చక్కెర సరిగా కలవక కొన్ని సీసాల్లోకే ఎక్కువ పోవడం వల్లా పేలేదే ఎక్కువ. లీటరు బీరులో లీటరు గ్యాస్ కరిగి ఉంటే ఒక వాల్యూమ్ అంటాం. అంబర్ ఏల్‌కి 2.4 దాకా చాలు, అమెరికా పొడుగు మెడ సీసాని 3 దాటించకపోవడం మంచిది. పులిసిన బీరులో ముందే 0.8 చిల్లర గ్యాస్ మిగిలి ఉంటుంది, మిగతాది మనం వేసే చక్కెర ఇస్తుంది. లెక్క సులువు, లీటరుకి 6 గ్రాముల మామూలు పంచదార. ఐదు గ్యాలన్లంటే 19 లీటర్లు, అంటే సుమారు 115 గ్రాములు. కప్పుతో కొలవకండి, కాటా పెట్టి తూచండి.

మీలాంటి కలగాపులగం గుట్టకి ఒక ముఖ్యమైన మాట. సీసాకో చెంచా చొప్పున పంచదార వేసే పద్ధతి చాలామంది చెబుతారు, సీసాలన్నీ ఒకే సైజు అయితే అది నడుస్తుంది, 12 ఔన్సులవీ, 22 ఔన్సులవీ, షాంపేనువీ కలిసి ఉన్నప్పుడు కాదు. పంచదారని కొద్ది నీళ్లలో మరిగించి, చల్లార్చి, ఖాళీ బాట్లింగ్ బకెట్ అడుగున పోసి, దాని మీదకి గొట్టంతో బీరుని నిదానంగా దించండి, సుడి తిరుగుతూ దానంతటదే కలుస్తుంది. చివర శానిటైజ్ చేసిన గరిటెతో నురగ రాకుండా ఒకసారి కలపండి. అప్పుడు సీసా సైజు ఏదైనా లెక్క ఒకటే.

ఇంకోటి, ఒక చిన్న ప్లాస్టిక్ సోడా బాటిల్‌లో కూడా ఇదే బీరు నింపి మిగతావాటి పక్కనే పెట్టండి. రోజూ నొక్కి చూస్తే లోపల గ్యాస్ ఎంత పట్టిందో చేతికే తెలుస్తుంది. రాయిలా గట్టిపడితే గాజువాటిని ఫ్రిజ్‌లోకి తోసెయ్యొచ్చు.

అన్నట్టు ఆదివారం అన్నారు, గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే బీరు సాంద్రత, చక్కెర పులిసేకొద్దీ తగ్గుతుంది) ఎంత చూపిస్తోంది?

ట్రాయ్_కొత్తోడు

బాబాయ్, డల్లాస్ అన్నా, థాంక్స్, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. తిప్పుడు రకం అన్నీ ఏరేశాను, గుట్ట సగం అయిపోయింది.

గ్రావిటీ ఇప్పుడే చూశా, 1.020. కిట్ కాగితం మీద 1.012 దగ్గర ఆగాలని రాసి ఉంది. పైన బుడగలు రావడం మాత్రం ఆగిపోయింది. దాన్ని కొలిచే హైడ్రోమీటర్ సరిగ్గానే ఉంది, మామూలు నీళ్లలో 1.000 చూపిస్తోంది. నింపేయొచ్చా?

డల్లాస్_కెగ్గు

వద్దు!! బుడగలు ఆగడం లెక్కలోకి రాదు, బకెట్ మూత ఎక్కడో లీకైనా ఆగుతాయి. ఉజ్జాయింపు లెక్క చెబుతా, సీసాలో రెండు పాయింట్లు (0.002) పులిస్తే ఒక వాల్యూమ్ గ్యాస్. 1.020 నుంచి 1.012కి ఎనిమిది పాయింట్లు, అంటే నాలుగు వాల్యూములు, దాని మీద మీ పంచదారది, ముందే మిగిలి ఉన్నదీ కలిపి ఇంకో 2.4 దాకా. మొత్తం ఆరు దాటింది. కొత్త సీసా అయినా ఆగదు, షాంపేన్ సీసా ఒక్కటే నిలబడుతుందేమో. మీరు చూసిన వీడియోల్లో చాలావాటి వెనక కథ ఇదే.

మీ బేస్‌మెంట్ చల్లగా ఉండి ఈస్ట్ నిద్రపోయి ఉంటుంది. బకెట్‌ని పైకి తెచ్చి 20, 21 డిగ్రీల్లో పెట్టండి, మూత తీయకుండా మెల్లగా అటూ ఇటూ ఊపితే అడుగున పడ్డ ఈస్ట్ లేస్తుంది. కొన్నాళ్లాగి చూడండి, మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిస్తే ఒకే అంకె రావాలి. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కిట్లు కొన్ని 1.020 దగ్గరే నిజంగా ఆగిపోతాయి, అది వేరే సంగతి, వెచ్చగా ఉంచాక కూడా కదలకపోతే అప్పుడు నింపొచ్చు.

మ్యూనిక్_అక్కయ్య

ఆదివారం వాయిదా పడినందుకు సంతోషం. నాది ఇంకో దారి, మీకు పనికొస్తుందో చూడండి.

జర్మనీలో మేం సీసాలు ఏరుకోనక్కర్లేదు, బీరు కొంటే పెట్టెతో సహా మళ్లీ వాడే సీసాలే ఇస్తారు, మామూలుదానికి 8 సెంట్లు, తీగ బిగింపుదానికి 15 సెంట్ల డిపాజిట్. అర లీటరు సీసా, మందపాటి గాజు, కంపెనీ వాళ్లే పదేపదే కడిగి నింపుతారు కాబట్టి దెబ్బలకి తట్టుకునేలా చేస్తారు. చాలాసార్లు తిరిగిన సీసాకి భుజం మీదా, అడుగు దగ్గరా తెల్లగా అరిగిన పట్టీ కనిపిస్తుంది, ఆ అరుగుదల పర్లేదు గానీ లోతైన గీత ఉంటే నేను పక్కన పెడతాను. గోధుమల బీరు చేసినప్పుడు గ్యాస్ మూడున్నర వాల్యూముల దాకా పట్టిస్తాను, దానికి ఈ సీసాలు తప్ప వేరేవి వాడను. మీకు అక్కడ పోలిష్, జర్మన్ సరుకులు అమ్మే షాపులుంటే అర లీటరు బీర్లు దొరుకుతాయి, బరువు చేత్తో పట్టుకుంటేనే తేడా తెలిసిపోతుంది.

మీ తీగ బిగింపు సీసాల రబ్బరు ఉంగరాలు మార్చండి. పాతవి బయటికి బాగానే కనిపిస్తాయి, కానీ ఎండి బీటలు వారి గ్యాస్ వదిలేస్తాయి, వాసన కూడా పట్టుకుని ఉంటాయి. కొత్తవి చవకే, వేసే ముందు నీళ్లలో మరిగించండి. ఒక జాగ్రత్త, ఇంటి అలంకరణ షాపుల్లో అచ్చం ఇలాంటి తీగతోనే చదరపు సీసాలు అమ్ముతారు, అవి నూనెకీ నీళ్లకీ. చదరపు సీసాకి మూలల దగ్గర ఒత్తిడి పోగుపడుతుంది, ముందు విరిగేది అక్కడే. బీరు సీసా ఏ దేశంలోనైనా గుండ్రంగా ఉంటుంది, దానికి కారణం ఉంది.

శానిటైజ్‌కి నేను రసాయనాలు వాడను. కడిగి ఆరిన సీసాల మూతులకి అల్యూమినియం కాగితం చుట్టి, చల్లని ఓవెన్లో పేర్చి, 170 డిగ్రీల సెల్సియస్‌కి మెల్లగా పెంచి గంట ఉంచుతాను, ఆపేశాక తలుపు తీయకుండా రాత్రంతా వదిలేస్తాను. కాగితం తీయనంతకాలం లోపల శుభ్రంగానే ఉంటాయి, వారం తర్వాత నింపినా సరే. తీగ బిగింపువి పెడితే రబ్బరు ముందే తీసేయాలి. చల్లటి సీసాలో సలసల కాగే నీళ్లు మాత్రం పోయకండి, అడుగు ఊడి చేతికొస్తుంది. డిష్‌వాషర్ గురించి ఎవరైనా అడగబోతే ముందే చెబుతున్నా, సన్నని మూతిలోంచి నీటి ధార లోపలికి వెళ్లదు, మెరుపు కోసం వేసే ద్రవం మిగిలితే బీరు మీద నురగ నిలవదు.

ఇక్కడ ఇంట్లో బీరు చేసుకుంటే ఏడాదికి 200 లీటర్ల దాకా పన్ను లేదు అనేవాళ్లు, 2024 నుంచి దాన్ని 500 చేశారు. మీ అమెరికాలో ఎలా?

హాప్స్_బాబాయ్

అక్కయ్యా, ఓవెన్ పద్ధతి బాగానే ఉంది గానీ రెండు పెట్టెల సీసాలు ఒకేసారి పట్టవు, నాలాంటి బద్ధకస్తుడికి స్టార్ శానే గతి.

ఇక్కడ ఫెడరల్‌గా 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంటి బీరు ఓకే అయింది. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువ మంది ఉంటే 200. రాష్ట్రాలు తమ ఇష్టం కాబట్టి అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. ఎక్కడైనా అమ్మడం మాత్రం కుదరదు తమ్ముడూ, ఇండియన్ అసోసియేషన్ పిక్నిక్‌లో సీసాకి రెండు డాలర్లు అని బోర్డు పెట్టకు.

ఉప్పల్_వాసి

మీ ముచ్చట చదువుతుంటే కుళ్లుగా ఉంది. ఇక్కడ తెలంగాణలో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు చేస్తే ఎక్సైజ్ చట్టం కింద కేసే, 1968 నాటి చట్టం, మైక్రోబ్రూవరీలకి పర్మిషన్ ఇచ్చారు గానీ మనలాంటివాళ్లకి కాదు. కానీ సీసా మళ్లీ వాడటంలో మేం మీకంటే సీనియర్లం. కల్లు దుకాణానికి వెళ్తే 650 మిల్లీల బీరు సీసాలోనే పోస్తారు, ఆ సీసా ఎన్ని చేతులు మారిందో దేవుడికే తెలియాలి. దానికి మూత బిగించి ఎవరూ ఇంటికి తీసుకుపోరు, కల్లు సీసాలో కూడా పులుస్తూనే ఉంటుంది కాబట్టి మూతి మీద ఏదో కుక్కి వదిలేస్తారు.

నేను చేసేది అల్లం సోడా. అల్లం, పంచదార, నిమ్మరసం, కాస్త ఈస్ట్. పాత సామాన్ల వాడి దగ్గర బీరు సీసాలు తీసుకుని క్యాపర్‌తో బిగిద్దామనుకుంటున్నా. నడుస్తుందా? లేకపోతే గోలీ సోడా సీసాలు వెతకనా, అవైతే గాజు మందంగా ఉంటుంది.

డల్లాస్_కెగ్గు

బ్రదర్, అల్లం సోడా బీరు కంటే ప్రమాదం. బీరులో పులిసే చక్కెర అయిపోయాక మనం లెక్కపెట్టి కొంచెమే వేస్తాం, మీ సోడాలో తియ్యదనం కోసం చక్కెర మొత్తం అలాగే ఉంటుంది, ఈస్ట్ తింటూ పోతుంది, ఎక్కడా ఆగదు. హైదరాబాద్ ఎండల్లో ఒక్క రోజు చాలు. ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ బాటిళ్లలో నింపండి, గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో తాగెయ్యండి. గోలీ సీసాకి గ్యాస్ ఒత్తిడితోనే గోలీ పైకెళ్లి మూతి మూసుకుంటుంది, సోడా మెషీన్లో తలకిందులు చేసి గ్యాస్ పట్టిస్తేనే అది కుదురుతుంది. ఈస్ట్‌తో మెల్లగా గ్యాస్ పుట్టేదానికి గోలీ మొదట అడుగునే పడి ఉంటుంది, గ్యాసంతా బయటికి పోతుంది.

ట్రాయ్_కొత్తోడు

అప్‌డేట్. బకెట్ పైకి తెచ్చి హాల్లో హీటర్ వెంట్‌కి కాస్త దూరంగా పెట్టా, ఊపాను, మళ్లీ బుడగలు మొదలయ్యాయి. ఈరోజు 1.014. ఇంకా దిగుతుందేమో, తొందర లేదు. ఏరగా మిగిలిన సీసాలు రెండు పెట్టెలకి సరిపోయేలా ఉన్నాయి. పెట్టెల్ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి క్లోజెట్‌లో దాచేస్తా, ఏదైనా పగిలినా గాజు బయటికి రాదు, పిల్లాడికి అందదు కూడా.

క్యాపర్ రెక్కలదే కొన్నా. మూతలు ఆర్డర్ చేయాలి, ఆక్సిజన్ పీల్చుకునేవి అని కాస్త ఎక్కువ ధరకి ఉన్నాయి, కావాలా?

హాప్స్_బాబాయ్

రెండు మూడు నెలల్లో తాగేసే బీరుకి అక్కర్లేదు, మామూలువి తీసుకో. పెట్టె మీద 26 మిల్లీమీటర్లు అని ఉందో లేదో చూసుకుని కొను, షాంపేన్ సీసాల మూతి ఏ సైజో ముందే ఒక మూత పెట్టి చూడు, పట్టకపోతే ఈసారికి వాటిని వదిలెయ్. నింపేటప్పుడు పైన ఒక అంగుళం ఖాళీ ఉంచు, కళ్లద్దాలు పెట్టుకుని క్యాపర్ నొక్కు.

మూతల మీద మార్కర్‌తో తేదీ రాయడం మర్చిపోకు.